నూట పన్నెండు సంచుల కారు

"నడవదు. తుప్పు ఉంది. కుడివైపు కాళ్ళు పెట్టుకునే చోట రేకు ఊడిపోయి నేల కనిపిస్తుంది. సీట్లు ఎలుకలు తిన్నాయి. టాపు లేదు. ఇంజను విప్పి ఉంది, కానీ సామానంతా ఉంది. రంగు మాత్రం కొన్ననాటిదే, మళ్ళీ వేయలేదు. ముక్కలుగా అమ్మం. బాగుచేసి నడుపుకునేవాళ్ళే రావాలి."

టైలరమ్మ ఈ కాగితాన్ని మూడుసార్లు చదువుకుని, తప్పులేవీ లేవని నమ్మకం కుదిరాక, ఎందుకైనా మంచిదని నాలుగోసారి కూడా చదివి, పక్కనున్న ఫోటో స్టూడియో ఆయన చేతిలో పెట్టింది. ఫోటోలు తీసి ఫోనులో పెట్టే పని ఆయనది.

ఆయన చదివి తల పట్టుకున్నాడు.

"ఏంటమ్మా ఇది? సంబంధం చూడమని చెప్పి పిల్లకున్న జబ్బులన్నీ రాసి పంపినట్టుంది!"

"చొక్కా చంకలో చిరిగి ఉంటే చిరిగిందని చెప్పే ఇస్తాను నాయనా. తొడుక్కున్నాక తెలిస్తే తిట్టేది నన్నే కదా."

"కొద్దిపాటి రిపేరు ఉందని పెడదామా?"

"కొద్దిపాటి ఏంటి! పక్కకి జరపాలంటేనే నలుగురు కావాలి. ఉన్నది ఉన్నట్టు పెట్టు."

ఆయన నవ్వుకుంటూ ఉన్నది ఉన్నట్టే పెట్టాడు.

ఆ కారు ఇంటి వెనక అద్దె షెడ్డులో పదిహేనేళ్ళుగా ఉంది. రెండే సీట్ల స్పోర్ట్స్ కారు. పొడుగాటి ముక్కు, గుండ్రటి దీపాలు, ఎండిన రేగుపండు రంగు. టైలరమ్మ భర్త లేతు మిషను మీద పనిచేసే మేస్త్రి. ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక పళ్ళ డాక్టరు దగ్గర ఆయన దాన్ని కొన్నాడు. కొన్నరోజున భార్యని పక్కన కూర్చోబెట్టుకుని ఇంటిదాకా నడుపుకుంటూ వచ్చాడు. చినిగిన టాపులోంచి దారిపొడుగునా వాన ఆవిడ ఒళ్ళోనే కురిసింది. ఆవిడకి ఆ కారులో అదే మొదటి ప్రయాణం, అదే ఆఖరుది. ఎందుకంటే మర్నాడు పొద్దున్నే ఆయన, "ఇంజనులో ఏదో చిన్న శబ్దం వస్తోంది, విప్పి చూస్తా" అన్నాడు. ఆ చిన్న శబ్దం కోసం మొదలుపెట్టినవాడు నాలుగేళ్ళపాటు విప్పుతూనే ఉన్నాడు.

ఒకరోజు పొద్దున పదిగంటలప్పుడు కారు నీళ్ళ పంపుకి రబ్బరు రింగు కావాలని బజారుకి బయల్దేరాడు. "వెళ్ళొస్తా. వచ్చేసరికి రింగుకి సంచి కుట్టి ఉంచు" అని వేళ్ళతో కొలత చూపించాడు. ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే, "ఊఁ" అంది. దుకాణం మెట్లు ఎక్కుతూండగానే ఆయన గుండె ఆగిపోయింది.

అది జరిగి పదకొండేళ్ళయింది. అప్పటినుంచీ ఆ ఇంట్లోంచి ఎవరు వెళ్ళినా టైలరమ్మ గేటు దాకా వచ్చి, వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా నిలబడి చూస్తుంది. గ్యాసు బండ తెచ్చేవాడు మొదట్లో ఏమైనా మర్చిపోయానా అని కంగారుపడేవాడు. ఇప్పుడు మలుపు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యి ఊపి మరీ వెళ్తున్నాడు.

కారుని కూడా ఆవిడ అలాగే చూసుకుంటూ ఉండిపోయేదేమో. కానీ షెడ్డు యజమాని ఆ జాగాలో మేడ కట్టుకుంటున్నాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఇంట్లో కారుకి చోటు లేదు. ఎవరూ కొనకపోతే పాతసామాన్లవాడు వచ్చి గ్యాసు కట్టరుతో కోసి, తూకానికి పట్టుకుపోతాడు. ఆవిడకి తిండి సయించనిది ఆ సంగతికే.

"పోతే పోనీ వదినా. నాకు ఆ షెడ్డు ఎలుకల బాధైనా తప్పుతుంది" అనేది ఆడపడుచు. ఆయన చెల్లెలు. ముప్ఫయ్యేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉంటోంది. రోజుకి నాలుగుసార్లు ఇల్లు ఊడుస్తుందని వీధివీధంతా ఆమెని చీపురమ్మ అంటారు. ఆ మాట తన చెవిన పడినా ఆమె చీపురు మాత్రం వదల్లేదు.

"మీ అన్నయ్య కారే అది."

"మా అన్నయ్యదే. అందుకే పదిహేనేళ్ళు ఊరుకున్నా. వేరేవాళ్ళదైతే పదిహేను రోజులు కూడా ఊరుకునేదాన్ని కాదు."

మొదట వచ్చినాయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, గుండ్రటి మీటర్లూ రెండు కార్బురేటర్లూ ఇస్తే చాలు, మిగతాది మీరే ఉంచుకోండన్నాడు. ముక్కలుగా అమ్మమని రాశాం కదా అని ఆవిడ పంపేసింది. పంపేసి, గేటు దగ్గర నిలబడి అతనూ మలుపు తిరిగేదాకా చూసింది. రెండోవాడు పాతసామాన్లవాడే. కాగితం చదివి రాలేదు, వాసన పట్టి వచ్చాడు.

మూడోది ఫోను. గొంతు నిదానంగా ఉంది. పాతకార్లు బాగుచేసే మెకానిక్‌నని చెప్పాడు.

"రంగు కొన్ననాటిదేనని రాశారు. నిజమేనా?"

"నిజమే బాబూ. ఎండకి కొంచెం వెలిసింది."

"వెలిస్తే వెలవనివ్వండి. నేను వచ్చేదాకా తుడవొద్దు, కడగొద్దు. వచ్చేవాళ్ళకి బాగా కనపడాలని చాలామంది పాలిష్ పట్టించేస్తారు, ఉన్న విలువ కాస్తా పోతుంది. సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి వస్తాను."

టైలరమ్మ ఫోను పెట్టేసి తిన్నగా ఆడపడుచు దగ్గరకి వెళ్ళింది. "ఏమే, సోమవారం దాకా ఆ కారు మీద నీ చెయ్యి పడకూడదు. గుడ్డముక్క కూడా తగలకూడదు. వింటున్నావా?"

"నీ కారు నాకెందుకమ్మా!" అంది చీపురమ్మ.

సోమవారం పొద్దున టైలరమ్మ ఆసుపత్రి నర్సులకి కుట్టిన కోట్లు ఇచ్చిరావడానికి వెళ్ళింది. ఒకావిడకి భుజం దగ్గర పట్టేసిందంటే అక్కడే విప్పి సరిచేసి, పదకొండున్నరకి ఇల్లు చేరింది. పెరట్లో అడుగుపెట్టి, నిలబడ్డ చోటే ఉండిపోయింది.

ఈ గోడనుంచి ఆ గోడకి మూడు వరుసల తాళ్ళు. తాళ్ళనిండా సంచులు. చారలవీ, పువ్వులవీ, నీలం యూనిఫారం గుడ్డవీ. వంకర మూతులతో, గుండ్రటి పొట్టలతో, పొడుగు మెడలతో, ఏ లోకం పిల్లల చొక్కాలో అన్నట్టు నీళ్ళోడుతూ వేలాడుతున్నాయి.

ఆ సంచుల కథ చెప్పాలి. మేస్త్రి కారు విప్పుతున్న రోజుల్లో, విప్పిన ప్రతి ముక్కకీ ఆవిడ మిగులు గుడ్డతో ఒక సంచి కుట్టేది. చీటీ రాసి కట్టొచ్చు, కానీ ఆయన రాత ఆయనకే అర్థం కాదు, ఆవిడకి అప్పటికి అక్షరాలే రావు. చదవడం తర్వాతెప్పుడో, కొలత కాగితాలకి కత్తిరించే పాత పేపర్ల మీద తనంతట తానే నేర్చుకుంది. అందుకని గుడ్డలతోనే గుర్తులు పెట్టుకుంది. కారు ముందు భాగానివి చారల గుడ్డ, వెనకవి పువ్వుల గుడ్డ, ఇంజనువి నీలం గుడ్డ. ఎడమవైపువైతే తెల్ల గుండీ, కుడివైపువైతే హుక్కు. మొత్తం నూట పన్నెండు సంచులు, ఏ ముక్కకి కుట్టిన సంచి ఆ ముక్కకే.

ఇప్పుడు సంచులు తాడు మీదున్నాయి. ముక్కలన్నీ పెద్ద ఇనప తొట్టిలో, కిరసనాయిలు వాసన కొడుతూ, ఒక్క కుప్పగా ఉన్నాయి.

"కారు ముట్టుకోలేదు వదినా" అంది చీపురమ్మ, మోచేతులదాకా సబ్బు నురగతో. "ఒట్టు. నువ్వెలా చెప్పావో అలాగే వదిలేశా. కానీ ఆ సంచులు చూశావా, ఎంత జిడ్డు! వచ్చేవాడు మన గురించి ఏమనుకుంటాడు? అందుకే ఇనుము కూడా శుభ్రంగా..."

వదిన ముఖం చూసి ఆమె మాట సగంలో ఆగింది.

"ఏం? ఏం చేశాను?"

టైలరమ్మ తొట్టి అంచు పట్టుకుని నెమ్మదిగా ముక్కాలిపీట మీద కూలబడింది. సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. చెప్పిన టైముకంటే అరగంట ముందే మెకానిక్ వచ్చాడు.

యాభై దాటిన మనిషి. కళ్ళద్దాలకి తాడు కట్టుకుని మెళ్ళో వేసుకున్నాడు. తాళ్ళ మీది సంచుల్ని వింతగా చూశాడు. షెడ్డులోకి వెళ్ళి జేబులోంచి ఒక అయస్కాంతం తీశాడు. దానికి మెత్తటి గుడ్డ చుట్టి ఉంది. దాన్ని కారు ఒంటిమీద అంగుళం అంగుళం ఆనిస్తూ వెళ్ళాడు. పట్టుకున్న చోట కింద రేకుందని, పట్టుకోని చోట పైపైన పూత మెత్తారని లెక్క.

"గుడ్డ ఎందుకు బాబూ?" అంది టైలరమ్మ. భయంలో కూడా ఆవిడ కన్ను గుడ్డ మీదే పడింది.

"గీత పడకుండా పెద్దమ్మా. ఇన్నేళ్ళు ఆగింది, నా చేతిలో గీత పడితే ఏం బావుంటుంది?"

ఇతనికి ఇవ్వొచ్చు, అనుకుంది ఆవిడ. అనుకుంటూనే పెరట్లోని తొట్టి వైపు చూసింది.

అతను కారు కిందకి దూరి టార్చి వేసి చూశాడు. బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకున్నాడు. "మీరు రాసినదానికంటే ఒక్క చిల్లు కూడా ఎక్కువ లేదు. తుప్పుకి నేను భయపడను. ఇంజను సామానేదీ?"

చీపురమ్మ తొట్టి వైపు చూపించింది. అతను ఒంగి చూశాడు. రెండు బోల్టులు చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ అందులోనే వేశాడు. ఆ చప్పుడు టైలరమ్మకి ఎక్కడో తగిలింది.

"అంతా ఉందని రాశారు. ఉంది. కానీ ఏది ఎక్కడిదో తెలియనప్పుడు ఉన్నా లేనట్టే పెద్దమ్మా. పక్కపక్కన పెడితే అన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఒకదాని చోట ఒకటి వేస్తే అరిగిపోతాయి. దీన్ని ఎలా బిగించాలో చెప్పే పుస్తకం కూడా ఎక్కడా దొరకదు." చేతికంటిన కిరసనాయిలు తుడుచుకున్నాడు. "మీరు నిజం రాశారు కాబట్టి నేనూ నిజమే చెప్తాను. ఇలాంటి కారే నా షెడ్డులో ఇంకొకటి ఉంది. దీన్ని తీసుకుంటే పనికొచ్చేవి దానికి వాడి, మిగతా బాడీ కోసేస్తాను. బాగుచేస్తానని అబద్ధం చెప్పి తీసుకెళ్ళలేను. ఆలోచించుకోండి."

చీపురమ్మ చెంగుతో ముక్కు తుడుచుకుంది. "నా చేతులు పడిపోనూ! అన్నయ్య కారుని నేనే కోయించాను కదే వదినా!"

"ఊరుకో. చేతులు పడిపోతే రేపు ఎవరు ఊడుస్తారు?" అంది టైలరమ్మ. ఏదో ఒకటి అనాలని అంది. ఆ మనిషి ఏడవడం ఈ ముప్ఫయ్యేళ్ళలో రెండోసారి చూస్తోంది.

అలా అంటూనే, చెయ్యి ఊరికే ఉండలేక, తాడు మీదనుంచి ఒక సంచి లాగింది. నీలం గుడ్డ. తడిగా ఉంది. ఎన్నో ఏళ్ళ అలవాటుకొద్దీ ముందు కుట్టు చూసింది. ఒకవైపు అంచు గుండ్రంగా తిప్పి, ఇంకోవైపు కోసుగా వదిలి, మధ్యలో చిన్న కుచ్చు పోసి ఉంది. ఇక్కడ కుచ్చు ఎందుకు పోశాను? సంచికి కుచ్చేమిటి? లోపలున్నదానికి అక్కడ పొట్ట ఉంటుంది కనుక.

ఆవిడ లేచింది. తొట్టిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి దేవింది. పొట్ట ఉన్న ఇనప ముక్క ఒకటి పైకి తీసి, సంచిలోకి జార్చింది. అది చంటిపిల్ల చొక్కాలో దూరినట్టు దూరి, కుచ్చు దగ్గర పొట్ట, కోసు దగ్గర కొస, సరిగ్గా కూర్చుంది.

"నీళ్ళ పంపు" అంది టైలరమ్మ.

మెకానిక్ మెళ్ళో అద్దాలు కళ్ళకి పెట్టుకున్నాడు.

ఆవిడ ఇంకో సంచి లాగింది. చారలది, గుండీ ఉన్నది. తొట్టిలోంచి ఒక బందు తీసి పెట్టబోయింది. ఎక్కలేదు. అలాంటిదే ఇంకొకటి తీసింది. సర్రున ఎక్కింది. "ఎడమ తలుపు పై బందు. ఇందాకటిది కుడిది, దాని వంపు అటువైపుంటుంది. హుక్కు సంచి చూడవే, రెండో తాడు మీద, చివర!"

చీపురమ్మ పరుగున వెళ్ళి తెచ్చింది. కుడి బందు అందులో పట్టింది.

"మీరు వీటికి..." మెకానిక్ మాట కోసం వెతుక్కున్నాడు. "వీటికి కొలతలు తీసి కుట్టారా?"

"కొలత తీయకుండా ఎలా కుడతాను బాబూ? వదులుగా ఉంటే లోపల కదిలి ఒరుసుకుంటాయని ఆయన గోల పెట్టేవాడు."

"కానీ ఇప్పుడు ఉతికారు కదా, గుడ్డ కుదించుకుపోయి ఉండదూ?"

టైలరమ్మ అతన్ని తేరిపార చూసింది. అప్పటిదాకా ఉన్న భయం ఎటు పోయిందో పోయింది. "నలభై అయిదేళ్ళ నుంచి కుడుతున్నాను. నానబెట్టి ఆరేయకుండా ఏ గుడ్డకీ కత్తెర పెట్టలేదు. కుదించుకుపోయే గుడ్డ నా ఇంట్లో ఉండదు."

అతను చొక్కా చేతులు మడుచుకుని తొట్టి పక్కన బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నమంతా ముగ్గురూ అదే పని. చీపురమ్మ సంచి అందిస్తుంది, టైలరమ్మ తడిమి ఎలాంటి ముక్కో చెబుతుంది, మెకానిక్ దేవి తీస్తాడు. ఎక్కకపోతే మార్చుకుంటారు. అతనికి పేర్లు తెలుసు, ఆవిడకి ఆకారాలు తెలుసు. మధ్యలో ఒకసారి అతనికి గుబులు పుట్టింది. "ఇంజను వాల్వులు? ఎనిమిది ఉంటాయి. అన్నీ ఒకే కొలత. వాటిని మాత్రం ఏ సంచీ చెప్పలేదు."

చీపురమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా మూడో తాడు దగ్గరకి వెళ్ళి, బరువుకి నేలదాకా సాగిన ఒక పొడుగు పట్టీని దించుకొచ్చింది. దానిమీద ఎనిమిది అరలు, ప్రతి అర మూతికీ గట్టి కుట్టు, మొదటి అర మీద ఒక ఎర్ర దారప్పోగు, రెండోదాని మీద రెండు, అలా ఎనిమిదిదాకా.

"దీన్ని విప్పలేదు. అన్ని కుట్లు ఎవరు విప్పుతార్లే అని అలాగే సబ్బునీళ్ళలో ముంచేశా" అంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"బతికించావు తల్లీ! నీ బద్ధకం చల్లగా ఉండ!" అన్నాడు మెకానిక్. ఆ పొద్దున్నుంచీ ఆమె నవ్వడం అదే మొదలు.

నాలుగున్నరకి తొట్టి అడుగు కనిపించింది. మూడు బోల్టులు మిగిలాయి. ఏ సంచికీ పొసగవు. మెకానిక్ తిప్పి తిప్పి చూసి, ఇవి కారువే కావన్నాడు.

చీపురమ్మ ఒకటి లాక్కుని కళ్ళ దగ్గర పెట్టుకుంది. "ఇవి నా మంచానివి! అన్నయ్య ఒకరోజు 'రెండు రోజుల్లో ఇస్తా' అని తీసుకున్నాడు. అందుకేనా నా మంచం ఇన్నేళ్ళూ ఊగి చస్తోంది!"

టైలరమ్మ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. తాడు మీద ఇంక ఒకే ఒక్క సంచి మిగిలింది. అరచేతిలో సగం ఉంటుంది, నీలం గుడ్డ, గుండ్రంగా.

"ఇందులోకి ఏదీ లేదు?" అన్నాడు అతను.

"లేదు. అది పంపు రబ్బరు రింగుది. కొనడానికి వెళ్ళి తేలేదు. వేళ్ళతో కొలత చూపించి వెళ్ళాడు, కుట్టి ఉంచాను."

అతను నీళ్ళ పంపు సంచి తెచ్చి, పంపు బయటికి తీసి, గాడి చుట్టూ వేలు తిప్పి చూశాడు. చిన్న సంచిని దానిమీద ఆనించాడు. రెండూ ఒకే గుండ్రం. దాన్ని మడిచి తన చొక్కా జేబులో పెట్టుకుని గుండీ వేసుకున్నాడు.

"కోయను పెద్దమ్మా. దీన్నే ముందు బాగుచేస్తాను. రెండోది ఆగుతుంది."

ధర సంగతి రెండు ముక్కల్లో తేలిపోయింది. లేచి వెళ్ళబోయినవాడు మళ్ళీ ఆగాడు. "ఇంకో మాట. సీట్లూ టాపూ కుట్టేవాళ్ళు దొరక్క నా షెడ్డులో కార్లు అలాగే పడున్నాయి. మీరు కుడతారా?"

"నేను చొక్కాలు కుట్టేదాన్ని బాబూ. కార్లకేం కుడతాను?"

"నీళ్ళ పంపుకి చొక్కా కుట్టారు. ఇంక మీకు కుట్టలేనిది ఏముంది?"

టైలరమ్మ ఆడపడుచు వైపు చూసింది. ఆడపడుచు, "కుడుతుంది" అంది, తనని అడిగినట్టే. "గుడ్డ కూడా ఉంది. అన్నయ్య టాపు కోసం అప్పుడే కొని పెట్టాడు. ట్రంకుపెట్టెలో ఉంది. ఏటా ఎండలో వేసి కలరా ఉండలు మారుస్తున్నది నేనే."

ఆ సంగతి టైలరమ్మకి తెలియదు. ఆ పెట్టె తెరవడానికి చేతులు రాక, ఎలాగూ చివికిపోయి ఉంటుందిలే అనుకుంటూ వస్తోంది.

మూడోరోజు పొద్దున్నే లారీ వచ్చింది. నలుగురు మనుషులు కారుని పలకల మీదుగా పైకి తోశారు. మెకానిక్ తాళ్ళు తానే కట్టాడు, రంగుకి ఆనే ప్రతిచోటా కింద గుడ్డ పెట్టి మరీ. సంచులన్నీ రెండు పెట్టెల్లో సర్ది డ్రైవరు పక్కన, తన కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

టైలరమ్మ వసారాలో మిషను ముందు కూర్చుని ఉంది. చేతిలో సూది, దారం. అతను గుమ్మం దగ్గరకొచ్చి, "వెళ్ళొస్తాను పెద్దమ్మా. టాపు ఇనపచట్రం గురువారం తెస్తాను, కొలతలు తీద్దురుగాని" అన్నాడు.

ఆవిడ సూది పక్కన పెట్టింది. తలెత్తి అతని ముఖం నిండుగా చూసింది.

"వెళ్ళిరా బాబూ" అంది.

తర్వాత గేటు దగ్గర నిలబడింది. పక్కన చీపురుతో ఆడపడుచు. లారీ మెల్లగా కదిలింది. వెనక తాళ్ళ మధ్య ఆ పొడుగు ముక్కు, ఆ గుండ్రటి దీపాలు ఇటే చూస్తూ వెనక్కి వెనక్కి వెళ్ళాయి. మలుపు దగ్గర కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఊగింది. లారీ తిరిగిపోయింది.

మామూలుగా ఆవిడ ఇంకో అయిదు నిమిషాలు అక్కడే నిలబడుతుంది. ఇవాళ నిలబడలేదు.

"గురువారమంటే ఎన్ని రోజులే?"

"ఇవాళ బుధవారం వదినా. రేపే. లేకపోతే పై గురువారమేమో, అడగలేదుగా."

"రేపే అయితే ఎలా? ఇంకా గుడ్డ తడపనేలేదు!"

ఇద్దరూ కలిసి ట్రంకుపెట్టె తెరిచారు. దళసరి కాన్వాసు గుడ్డ, మడత నలగకుండా, కలరా ఉండల వాసన కొడుతూ ఉంది. టైలరమ్మ రెండు చేతులతో అడ్డంగా లాగి చూసింది, నిలువుగా లాగి చూసింది. ఎక్కడా పిగలలేదు. పెరట్లోని ఇనప తొట్టిని చీపురమ్మ రెండుసార్లు తోమి, ఎందుకైనా మంచిదని మూడోసారి కూడా తోమి, నిండా మంచినీళ్ళు పట్టింది.

టైలరమ్మ గుడ్డని అందులోకి దించింది. అది కాసేపు పైన తేలి, తర్వాత నీళ్ళు పీల్చుకుంటూ మెల్లగా మునిగింది.